చిన్న రైలుకు డిజిటల్ కంట్రోలు: గోదావరి గాలిలో ఆగకుండా నడవాలంటే

మోడల్ రైలు మీద మనసు పడ్డవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న “ఏ కంట్రోలర్ కొనమంటారు?” అని. ఆ ప్రశ్నను ఈ వ్యాసం చివరి సగం దాకా పక్కన పెట్టండి. భీమవరం, అమలాపురం, కాకినాడ వంటి చోట్ల, చెమ్మా ఉప్పుగాలీ కలిసి తిరిగే ఇళ్లలో, రైలును ఆపేది కంట్రోలర్ చాలా అరుదు. ఆపేవి పట్టాలు, వాటి అతుకులు, బల్ల కింద తీగలు. అందుకే ఇక్కడ చెప్పే వరుస దుకాణదారు చెప్పే వరుసకు తలకిందులు: ముందు బల్ల, తర్వాత పట్టాలు, తర్వాత తీగలు, ఆ తర్వాతే కంట్రోలర్ డబ్బా. మీ దగ్గర ఉన్న డబ్బులో పెద్ద వాటా కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టండి.

డిజిటల్ పద్ధతిలో జరిగేది ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పాత పద్ధతిలో పట్టాల మీదికి పంపే వోల్టేజీని పెంచితే ఇంజన్ వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు ఉంటే రెండూ కదులుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఆ కరెంటు దిశ క్షణక్షణం మారుతూ ఉంటుంది, ఆ మార్పుల నిడివిలోనే ఆదేశం దాగి ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ఒకటి, దాదాపు 100 మైక్రోసెకన్లు గానీ అంతకు మించి గానీ ఉంటే సున్నా. ప్రతి ఇంజన్ లోపలా డీకోడర్ అనే చిన్న పలక ఉంటుంది. అది ఆ ఒకట్లూ సున్నాలూ చదివి, తన నంబరుకు వచ్చిన మాటను మాత్రమే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీన్ని ప్రమాణంగా స్థిరపరచింది. ఒక కంపెనీ డీకోడర్ ఇంకో కంపెనీ కంట్రోలర్‌తో పనిచేయడానికి కారణం అదే.

దీనివల్ల మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కరెంటూ మాటా రెండూ అదే పట్టా మీద, అదే చక్రం గుండా వెళ్తాయి. పట్టా మీద మురికి ఉంటే పాత పద్ధతిలో ఇంజన్ ఒక్క క్షణం తడబడి సాగిపోయేది. ఇక్కడ డీకోడర్ మొత్తం ఆరిపోయి, మళ్లీ మేలుకుని, తన ఆదేశం కోసం ఎదురుచూస్తుంది.

ఏం కట్టాలి

గోదావరి అనగానే అందరి మనసూ రాజమహేంద్రవరం కమానుల వంతెన మీదికే పోతుంది. ఒకసారి లెక్క వేసి చూడండి. 1990లలో కట్టిన ఆ వంతెనలో ఒక్కో కమాను 97.55 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతుకు కుదించినా, ఒక్క కమానే 112 సెంటీమీటర్లు. అలాంటివి 28. కల్యాణ మండపం అద్దెకు తీసుకుంటే తప్ప కుదరదు.

నరసాపురం లాంటి చివరి స్టేషన్ మేలు. భీమవరం నుంచి వచ్చిన బండి అక్కడ ఆగాల్సిందే, ముందు వశిష్ఠ గోదావరి. ఇంజన్ బండిని వదిలి, పక్క లైను మీదుగా వెనక్కి వచ్చి, రెండో కొసకు తగులుకోవాలి. అంత చిన్న చోటులో అంత పని దొరికే స్టేషన్ ఇంకొకటి ఉండదు. డిజిటల్ కంట్రోలు అసలు సుఖం తెలిసేదీ ఇక్కడే. ఒక ఇంజన్ లైట్లు వేసుకుని ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ఉండగా, అడుగు దూరంలో ఇంకొకటి షంటింగ్ చేసుకోవచ్చు. పాత పద్ధతిలో ఇదే చేయాలంటే పట్టాను ముక్కలు ముక్కలుగా విడదీసి, ముక్కకో స్విచ్ పెట్టాలి. కోనసీమవారైతే అమలాపురం స్టేషనే కట్టుకోండి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను పడేలోపు మీ మేడ మీది గదికి బండి వచ్చేస్తుంది.

స్థలం లెక్క ఇది. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె ఒకటి బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, హెచ్‌ఓలో 25.6 సెంటీమీటర్లు. వ్యాప్-7 ఇంజన్ 23.6 సెంటీమీటర్లు. ఇంజనూ నాలుగు పెట్టెలూ కలిపి 126 సెంటీమీటర్లు. 8 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న బల్ల మీద స్టేషను సరిపోతుంది. బండి మొత్తం స్టేషను దాటి కనుమరుగు కావాలంటే ఇంకో 4 అడుగుల విడి పలక చేయించి, ఆడేటప్పుడు మాత్రం తగిలించుకోండి. అంత జాగా లేనివాళ్లు 160వ వంతు ఉండే ఎన్ స్కేలుకు వెళ్లవచ్చు. కానీ అక్కడ చక్రాలు మరీ తేలిక, మురికికి మరీ తొందరగా లొంగిపోతాయి. మన వాతావరణంలో మొదటి లేఅవుటుకు, అంటే బల్ల మీద కట్టే రైలు నమూనాకు, హెచ్‌ఓనే నా ఓటు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19.3 రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు కొలత. కాబట్టి మన ఇంజన్ దాని మీద కొంచెం ఇరుకు కాళ్ల మీద నిలబడినట్టు ఉంటుంది. పక్కనుంచి చూసేటప్పుడు కనిపించదు. దీని కోసం పట్టాలు సొంతంగా చేసుకునే పట్టుదల మొదటి లేఅవుటులో వద్దు.

బల్ల

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. మామూలు కమర్షియల్ ప్లై వద్దు, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే నిండు షీటును కోయిస్తే ఒకటిన్నర అడుగు వెడల్పు పలకలు రెండు వస్తాయి, ఒక అడుగు ముక్క మిగులుతుంది. ఒకటి స్టేషనుకు, రెండోదాన్ని సగానికి కోస్తే విడి పలకకు. మిగిలిన ముక్క కింది చట్రానికి పనికొస్తుంది.

పట్టా వేయకముందే పలకకు రెండు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, రెండు పూతలు పెయింటో వార్నిషో వేయండి. చెమ్మ అంచుల నుంచే ఎక్కుతుంది. పైకి మాత్రమే రంగు వేసి కింద వదిలేస్తే, శ్రావణం వచ్చేసరికి పలక వంకర తిరుగుతుంది. బల్లను గోడకు ఆనించకండి. రెండంగుళాలు ఎడం ఉంచితే వానాకాలంలో గోడ చెమర్చినా బల్లకు అంటదు, చెదలు ఎక్కితే కంటపడుతుంది. నేల మీద పెట్టే ఆలోచన అసలు వద్దు. కాలవ గట్టు పక్క ఇళ్లవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

పట్టాలు

పట్టా దేనితో చేశారో అడిగి కొనండి. ఉక్కు పట్టా తుప్పు పడుతుంది, మన దగ్గర మరీ త్వరగా. ఇత్తడి పట్టా మీద ఏర్పడే పొర కరెంటును సరిగా పోనివ్వదు. నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహపు పట్టా తీసుకోండి. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేవి రాగి, నికెల్, జింకు. పాత ఆట సెట్లతో వచ్చిన ఉక్కు పట్టాలు ఇంట్లో ఉంటే పిల్లలకు ఇచ్చేయండి. వాటిని కొత్త లేఅవుటులో కలపడం ఖర్చు తగ్గించినట్టు కనిపించే నష్టం.

కోడ్ 100, కోడ్ 83, కోడ్ 75 అని రాసి ఉండేది పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 అంటే 2.54 మిల్లీమీటర్లు. చూపుకు 83 గానీ 75 గానీ అందం. కానీ రకరకాల కంపెనీల పెట్టెలు, పాత చక్రాలు కలిపి నడిపేవాళ్లకు 100 ఇబ్బంది పెట్టదు. ఏదైనా సరే, అంతటా ఒక్కటే కోడ్ వాడండి.

“రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి” అని ఊరికే అనలేదు. మీటరు పొడవు నికెల్ సిల్వర్ పట్టా, వేడి 20 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. జనవరి చలిలో పట్టాలు పరుస్తుంటే అతుకు దగ్గర అర మిల్లీమీటరు వదలండి. విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి తీసేస్తే దాదాపు అంత ఖాళీ వస్తుంది. మే నెలలో పరుస్తుంటే దాదాపుగా ఆనించేయవచ్చు. చలికాలంలో ఖాళీ లేకుండా బిగించిన పట్టా ఎండాకాలంలో పాములా వంకర్లు పోతుంది.

తీగలు

ఇక్కడ తొందరపడకండి. మొత్తం పనిలో ఫలితం ఇచ్చే భాగం ఇదే.

పట్టాలను కలిపే చిన్న రేకు తొడుగులు ఉంటాయి, జాయినర్లు అంటారు. అవి పట్టాలను వరసలో నిలబెట్టడానికి మాత్రమే పనికొస్తాయనుకోండి. కరెంటు మోయడానికి వాటిని నమ్మితే, తొలి వానాకాలం గడిచేలోపు రేకుకూ పట్టాకూ మధ్య చిలుము చేరుతుంది. పైగా నికెల్ సిల్వర్ కరెంటును మోసే శక్తి రాగిలో పదో వంతు కూడా ఉండదు. ఒక కొసన కరెంటు ఇచ్చి, అది పట్టాల గుండా రెండో కొసకు వెళ్తుందని ఆశించడం, ధవళేశ్వరంలో నీళ్లు వదిలి బోదెలు తవ్వకుండా శివారు పొలం తడుస్తుందని కూర్చోవడమే. బల్ల కింద ఒక ప్రధాన కాలువ వేయాలి, దాని నుంచి ప్రతి పట్టా ముక్కకూ ఒక పిల్ల కాలువ తీయాలి.

ప్రధాన తీగకు ఇళ్ల వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ చాలు. ముందు ముందు బల్ల పెంచే ఉద్దేశం ఉంటే 2.5 వేయండి. ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. ఎరుపు ఎప్పుడూ గోడవైపు పట్టాకు, నలుపు ఎప్పుడూ మీవైపు పట్టాకు. ఈ నియమాన్ని బల్ల కింద పెన్సిలుతో రాసి పెట్టుకోండి. పిల్ల తీగలకు అర స్క్వేర్ ఎంఎం తీగ సరిపోతుంది, పొడవు జానెడు మించనివ్వకండి. పట్టా ముక్క ఎంత చిన్నదైనా దానికి తన సొంత జత తీగలు ఉండాలి.

తీగను పట్టాకు టంకం వేసేటప్పుడు ఇలా చేయండి. పట్టా బయటి వైపు, అడుగు అంచు దగ్గర, చిన్న ఆకురాయితో గీకండి. లోహం కొత్తగా మెరవాలి. అక్కడ రోజిన్ ఫ్లక్స్ ఒక చుక్క పెట్టండి. తీగ కొసను ఒలిచి, దానికి ముందే సీసం పూసి, చివరను చిన్నగా వంచండి. చోటుకు ఇరువైపులా తడి గుడ్డ పీలికలు పట్టా మీద వేయండి. 50 లేదా 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను బాగా వేడెక్కనిచ్చి, తీగను పట్టాకు ఆనించి నొక్కండి. రెండు మూడు సెకన్లలో సీసం నీళ్లలా మెరిసి పట్టాలోకి పారినట్టు కనిపిస్తుంది. వెంటనే ఐరన్ తీసేసి, సీసం మెరుపు తగ్గేదాకా తీగను కదపకండి. చాలామంది పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయని భయపడి 15 వాట్ల ఐరన్ కొంటారు. స్లీపర్లు కరిగేది దానితోనే, ఎందుకంటే అది పావు నిమిషం పాటు పట్టానంతా వేడి చేస్తూ కూర్చుంటుంది. ఆమ్లం ఉండే పేస్టు మాత్రం వాడకండి. మిగిలిపోయిన మరక చెమ్మతో కలిసి పచ్చగా చిలుము పట్టి, ఆ అతుకును తినేస్తుంది.

కింద పిల్ల తీగను ప్రధాన తీగకు కలిపేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు మానుకోండి. ఏప్రిల్ నాటికి టేపు జిగురు కరిగి, చుట్టు వదిలేస్తుంది. టంకం వేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగండి, లేదా స్క్రూలతో బిగించే కనెక్టర్ పట్టీలు వాడండి. ఇంత చిన్న బల్లకు ప్రధాన తీగల చివర ఏ ప్రత్యేక ఫిల్టరూ అక్కర్లేదు.

పాయింట్లు

బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోటు పాయింటు. అక్కడ రెండు పట్టాలు ఒకదానినొకటి కోసుకునే ముక్క ఉంటుంది. మన రైల్వేవాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు, మోడళ్లవాళ్లు ఫ్రాగ్ అంటారు. ఆ ముక్క ప్లాస్టిక్‌తో చేసినదైతే అక్కడ కరెంటు ఉండదు. పెద్ద ఇంజన్లు దాటిపోతాయి, చిన్న షంటింగ్ ఇంజన్లు సరిగ్గా దాని మీద ఆగిపోతాయి. లోహపు క్రాసింగ్ ఉన్న పాయింట్లు కొనండి. దాని లోపలి రెండు పట్టాల కొసలకూ ప్లాస్టిక్ జాయినర్లు తొడిగి విడదీయాలి. క్రాసింగ్‌కు కరెంటును, పాయింటు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి ఎరుపు నుంచో నలుపు నుంచో ఇవ్వాలి. దీనికి చవకైన ఉపాయం ఉంది. పాయింటును కదిపే కడ్డీని బల్ల కింద ఉన్న చిన్న స్లైడ్ స్విచ్‌కు కట్టండి. కడ్డీ లాగితే పాయింటూ మారుతుంది, క్రాసింగ్ కరెంటూ మారుతుంది.

పాయింట్లను కూడా డిజిటల్ చేయాలని చేయి దురద పెడుతుంది. మొదటి ఏడాది ఆగండి. బల్ల ముందు నిలబడి చేత్తో కడ్డీ లాగడంలో కేబిన్‌మన్ పని రుచి ఉంటుంది. తర్వాత కావాలంటే ఎస్‌జీ90 రకం చిన్న సర్వో మోటార్లు బిగించుకోవచ్చు.

పట్టా గుండ్రంగా తిరిగి తన మీదికే తాను వచ్చే ఆకారం వేస్తే మాత్రం ఎరుపు పట్టా వెళ్లి నలుపు పట్టాకు తగులుతుంది, అంటే షార్ట్. ఆ మలుపును రెండు కొసలా, రెండు పట్టాలూ కోసి వేరు చేసి, దానికి ఆటో రివర్సర్ అనే పలక పెట్టాలి. వేరు చేసిన భాగం మీ పెద్ద బండి కంటే పొడవుగా ఉండాలి. చివరి స్టేషన్ నమూనాలో ఈ తలనొప్పి ఉండదు.

ఇప్పుడు డబ్బా

బజారులో రెండు దారులు ఉన్నాయి. సిద్ధంగా దొరికే డిజిట్రాక్స్, ఎన్‌సీఈ, రోకో, లెంజ్ వంటి కంపెనీల సెట్లు ఒకటి. పెట్టె విప్పి రెండు తీగలు తగిలిస్తే పని మొదలవుతుంది. మన దేశానికి దిగుమతి అయ్యేసరికి ఖరీదు బాగా పెరుగుతుంది, పాడైతే బాగుచేయించడం కష్టం.

రెండోది డీసీసీ-ఈఎక్స్. ఇది అందరికీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఆర్డుయినో మెగా అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద, పట్టాలకు కరెంటు పంపే మోటార్ షీల్డ్ అనే పలక బిగించి, కంప్యూటర్ నుంచి దాని ఇన్‌స్టాలర్ నడిపితే కంట్రోల్ స్టేషన్ తయారు. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఏ ఊళ్లోనైనా ఈ బోర్డులు తెలిసిన కుర్రవాళ్లు ఉంటారు. పలక కాలిపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. టంకం పట్టడం వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఈ దారే.

ఈ దారిలో మూడు జాగ్రత్తలు. మోటార్ షీల్డ్ అడుగున విన్ కనెక్ట్ అని రాసి ఉన్న సన్నని లంకెను ముందుగా కత్తితో తెంచాలి. లేకపోతే పట్టాల కోసం ఇచ్చే కరెంటు కింది బోర్డులోకి ఎక్కి దాన్ని కాల్చవచ్చు. రెండోది సరఫరా. ఆర్డుయినో సాధారణ షీల్డ్ తనలోనే దాదాపు 2 వోల్టులు తినేస్తుంది, కాబట్టి 14 వోల్టుల డీసీ అడాప్టర్ ఇస్తే పట్టాల మీదికి 12 వస్తుంది, హెచ్‌ఓకు చాలు. మూలన పడి ఉన్న లాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు ఇస్తుంది, దాని జోలికి వెళ్లకండి. మూడోది, ఆ షీల్డ్ ఒక్కో చానెల్‌కు 2 ఆంపియర్లే ఇవ్వగలదు. రెండు మూడు ఇంజన్లకు అది ధారాళం. ఎక్కువ ఆంపియర్లు ఉంటే మంచిదన్న మాట ఇక్కడ చెల్లదు. షార్ట్ అయినప్పుడు 8 ఆంపియర్లు ప్రవహిస్తే చక్రాలూ పట్టా అంచులూ కాలి గుంటలు పడతాయి.

చేతిలో పట్టుకునే కంట్రోలర్ కొనక్కర్లేదు. వైఫై సదుపాయం కలిపి, ఆండ్రాయిడ్ ఫోనులో ఇంజన్ డ్రైవర్ అనే ఉచిత యాప్ వేసుకుంటే చాలు. పాత ఫోను ఒకటి దీనికే కేటాయించండి. బండి ప్లాట్‌ఫారంలోకి వస్తుండగా పెళ్లి పిలుపు ఫోను రావడం మంచిది కాదు.

అంతా కలిపాక రూపాయి పరీక్ష చేయండి. పట్టాలకు కరెంటు ఇచ్చి, రూపాయి బిళ్లను రెండు పట్టాల మీదా అడ్డంగా వేయండి. కంట్రోల్ స్టేషన్ వెంటనే కరెంటు ఆపేయాలి. ప్రతి పట్టా ముక్క మీదా, ప్రతి పాయింటు మీదా, విడి పలక చివరి కొస మీదా ఇలాగే వేసి చూడండి. ఎక్కడైనా అది ఆపలేదంటే ఆ చోటుకు తీగల నుంచి సరైన ప్రవాహం చేరడం లేదు. రేపు అక్కడ పెట్టె పట్టాలు తప్పితే అదే చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.

వోల్టేజీ చూడాలంటే మోటారు సైకిలు విడిభాగాల దుకాణంలో 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఒకటి తెచ్చుకోండి. దాన్ని పట్టాలకు ఆనించి వెలిగిస్తూ, మల్టీమీటరును ఏసీలో పెట్టి కొలవండి. ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్. పట్టా మీద ఉండేది వేల హెర్ట్జ్, కాబట్టి మామూలు మీటరు చూపే అంకె కచ్చితంగా ఉండదు. ఆ అంకెను నమ్మకండి, తేడాను నమ్మండి. స్టేషను దగ్గరా, చివరి కొసనా అదే మీటరు దాదాపు ఒకే అంకె చూపాలి. చివరన అర వోల్టుకు మించి తగ్గితే ఏదో ఒక అతుకు సరిగా లేదు.

ఇంజన్ లోపల

ఇంజన్ వచ్చిన అట్టపెట్టె మీద డీసీసీ రెడీ అని ఉంటే లోపల డీకోడర్ పెట్టుకునే సాకెట్ మాత్రమే ఉందని, డీకోడర్ విడిగా కొనాలని. హెచ్‌ఓలో ఎక్కువగా కనిపించేవి 8 పిన్నుల సాకెట్, 21 పిన్నుల సాకెట్. కొనేముందు ఇంజన్ తాలూకు కాగితం చూసుకోండి.

సాకెట్ లేని పాత ఇంజన్‌కు తీగలు మీరే కలపాలి. రంగులు ప్రమాణంగా ఉంటాయి: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు, తెలుపు ముందు లైటుకు, పసుపు వెనక లైటుకు, నీలం లైట్లన్నిటికీ ఉమ్మడి తీగ. మోటారు రెండు కొసలూ చక్రాల నుంచి, ఇంజన్ చట్రం నుంచి పూర్తిగా విడిపోయి ఉండాలి. డీకోడర్ కలపకముందే మల్టీమీటరును బీప్‌లో పెట్టి, మోటారు ఒక్కో కొసకూ ఇరువైపుల చక్రాలకూ మధ్య చూడండి. బీప్ వినిపిస్తే ఆగిపోండి. ఆ స్థితిలో పట్టా మీద పెడితే డీకోడర్ నుంచి పొగ వస్తుంది, పోయిన డీకోడర్‌ను బాగుచేయడం ఉండదు.

కొత్త డీకోడర్‌ను నేరుగా లైను మీద పెట్టకండి. అడుగు పొడవు పట్టా ముక్క ఒకటి, వేరే దేనికీ తగలకుండా, కంట్రోల్ స్టేషన్‌లోని ప్రోగ్రామింగ్ చానెల్‌కు కలపండి. అక్కడ కరెంటు పరిమితంగా ఇస్తుంది, తప్పు ఉన్నా డీకోడర్ బతుకుతుంది. కంప్యూటర్‌లో జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే డీకోడర్‌లోని అమరికలన్నీ పట్టికలా కనిపిస్తాయి. ఆ అమరికలను సీవీలు అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు.

కొత్త డీకోడర్ అడ్రసు ఎప్పుడూ 3. అలాగే వదిలేస్తే రెండో ఇంజన్ కొన్న రోజున రెండూ కలిసి పరుగెత్తుతాయి. ఇంజన్ మీది నంబరే అడ్రసుగా పెట్టుకుంటే సులువు. మన ఇంజన్లకు ఐదంకెలు ఉంటాయి, ఎక్కువ కంట్రోలర్లు 9999 దాకానే తీసుకుంటాయి, కాబట్టి చివరి నాలుగు అంకెలు వేయండి. సాఫ్ట్‌వేర్ లేకుండా చేయాలంటే లెక్క ఇది: అడ్రసును 256తో భాగించండి, వచ్చిన భాగఫలానికి 192 కలిపి సీవీ 17లో, శేషాన్ని సీవీ 18లో రాయండి. 4127కు భాగఫలం 16, శేషం 31. అంటే సీవీ 17లో 208, సీవీ 18లో 31.

తర్వాత సీవీ 29. దీన్ని 34 చేయండి. అందులో 32 నాలుగంకెల అడ్రసు వాడమని, 2 ఇప్పటి వేగపు మెట్ల పద్ధతి వాడమని. చాలా డీకోడర్లలో ముందే ఉండే 4 విలువ, అంటే పాత డీసీ పద్ధతిలోనూ నడవమనేది, ఇందులో లేదు. అది కావాలనే తీసేయాలి. ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడు పట్టాల మీదికి ఆదేశాల కంటే ముందు వట్టి కరెంటు వచ్చిందనుకోండి, డీకోడర్ దాన్ని పాత పద్ధతి అనుకుని పూర్తి వేగంతో బయల్దేరుతుంది. బల్ల చివర గోదావరి లేదు, గచ్చు ఉంది.

వేగం సరిచేయడానికి పట్టా పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టండి. గంటకు 15 కిలోమీటర్ల షంటింగ్ వేగం హెచ్‌ఓలో మీటరుకు 21 సెకన్లు. స్టేషన్‌లోకి గంటకు 40 కిలోమీటర్లతో వచ్చే బండికి 8 సెకన్లు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మనం ఎంత అసహజంగా నడుపుతున్నామో తెలుస్తుంది. సీవీ 5 గరిష్ఠ వేగం. ఇంత చిన్న బల్లకు మీటరుకు 6, 7 సెకన్లు పట్టేలా దాన్ని తగ్గించండి. సీవీ 2 మొదటి కదలిక. మొదటి మెట్టు మీదే ఇంజన్ పాకేలా పెంచుతూ పోండి. సీవీ 3, 4 వేగం పుంజుకోవడానికీ తగ్గడానికీ పట్టే సమయం. వీటిని చివర పెట్టండి. అమరికలన్నీ చిక్కుపడిపోతే చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే కొత్తగా కొన్నప్పటి స్థితికి వస్తుంది, అడ్రసు మళ్లీ 3 అవుతుంది.

మన గాలి, మన దుమ్ము

వంటింటి తాలింపు పొగ, దేవుడి గది సాంబ్రాణి, దోమల చుట్ట, కళ్లాల కాలంలో వడ్ల దుమ్ము ఇవన్నీ పట్టా మీద నల్లటి జిడ్డుగా కూర్చుంటాయి. నూలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, నడిపే ముందు ఒకసారి తుడవండి. చేతులు కడుక్కునే శానిటైజర్ వాడకండి, అందులోని గ్లిసరిన్ కొత్త జిడ్డు పూస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే అప్పటికి మెరుస్తుంది, తర్వాత ఆ గీతల్లోనే మురికి ఇంకా త్వరగా చేరుతుంది. పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపు చక్రాలకు మార్చండి. మురికిని లైనంతా పూసేది ప్లాస్టిక్ చక్రాలే.

ఇంజన్ చక్రాలకు ఒక తేలిక పద్ధతి ఉంది. పట్టా మీద అడ్డంగా టిష్యూ కాగితం పరచి ఆల్కహాల్‌తో తడపండి. ఇంజన్ సగం చక్రాలు కాగితం మీద, సగం పట్టా మీద ఉండేలా పట్టుకుని వేగం ఇవ్వండి. కాగితం మీద నల్లని చారలు పడతాయి. ఇంజన్ తిప్పి రెండో సగానికీ చేయండి.

బల్లుల సంగతి వేరే చెప్పాలి. ట్యూబ్‌లైటు కింద లేఅవుటు పెడితే వాటి రెట్టలు పట్టా మీద పడి ఎండిపోతాయి. లైటును పక్కకు జరపండి, నడపనప్పుడు బల్ల మీద పాత నేత చీర కప్పండి. ప్లాస్టిక్ షీటు వద్దు, దాని కింద చెమ్మ పోగవుతుంది. వానాకాలంలో ఇంజన్లను సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాల్లో దాచండి. ఉరుములు మొదలైతే అడాప్టరును గోడ నుంచి పూర్తిగా పీకేయండి, స్విచ్ కట్టేస్తే చాలదు.

బండి ఆగిపోయినప్పుడు ముందు ఇంజన్ లైటు చూడండి. లైటు వెలుగుతూ ఇంజన్ కదలకపోతే పట్టా బాగానే ఉంది. అడ్రసు తప్పు నొక్కారేమో చూసి, తర్వాత మోటారు తీగలు చూడండి. లైటు కూడా లేకపోతే వేలితో ఇంజన్‌ను అంగుళం జరపండి. వెలిగిందంటే మురికి. అదే చోట ఏ ఇంజనైనా ఆగుతుంటే ఆ పట్టా ముక్క పిల్ల తీగ ఊడింది. అన్ని ఇంజన్లూ ఒక్కసారే ఆగితే షార్ట్. పట్టాలు తప్పిన చక్రం ఉందేమో, పాయింటు తిరగని వైపు నుంచి బండి వచ్చిందేమో చూడండి. అవేవీ కాకపోతే, ఇందాక పెట్టి మరిచిపోయిన స్క్రూడ్రైవరో రూపాయి బిళ్లో వెనక లైను మీద ఉందేమో వెతకండి.